నా భుజాల కొలత

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా, పదమూడో నంబర్ షెడ్డు.
ఇరవై రెండేండ్ల సంది తుప్పుతోని కొట్లాడుతున్న మనిషిని.
గేట్లు, నిచ్చెనలు, నీళ్ల ట్యాంకులు,
గీకుడు, రుద్దుడు, రెడ్ ఆక్సైడ్ కొట్టుడు.
ఆమె అచ్చి, తుప్పు కావాలన్నది.

మైసూన్ ఆమె పేరు. మోచేతుల దాకా మసి.
రెండు ఇనుప గోడలు నిలబెట్టిచ్చింది,
మూడు నిలువుల ఎత్తు,
ఎండిన తాటాకు లెక్క కొంచెం వంపు.
ఇగ నీళ్లు పొయ్యిండ్రి, అన్నది.

ఉప్పు కలిపిన నీళ్లు.
పొద్దున ఒకపారి, పొద్దుమీకి ఒకపారి
నేనూ గుల్ జమానూ చెరొక పైపు పట్టి
ఇనుముకు తడి పెట్టినం,
మెట్‌పల్లిల పసుపు మడికి పెట్టినట్టే.
వారానికి మొలిచింది,
కొమ్ము విరిస్తే కనబడే రంగు.
నెలకు ఇటుక.
రెండో నెలకు, ఎండిన నెత్తురని నేనంటే
దానిమ్మ తొక్క అన్నడు గుల్ జమాన్.
ఎవలి ఊరి రంగు వాళ్లకు.

లోపలి దిక్కు మాత్రం నీలం కొట్టిచ్చింది,
తెల్ల బట్టలకు పెట్టే నీలిమందు అసుంటిది.
ఎందుకమ్మా అంటే, నిలబడి చూడు అన్నది.
నిలబడ్డ. చెమట ఆరినట్టయింది.
ఎండ మాత్రం ఎంతుండెనో అంతే ఉన్నది.

నడుమ సందు ఎంతుండాల్నో కాగితం మీద లేదు.
నన్ను పిలిచి నిలబెట్టింది.
ఎడమ భుజం కాడ చాక్‌పీస్ గీత, కుడి భుజం కాడ ఒకటి.
గింతే, అన్నది.
వీసాకు నెత్తురు తీసిండ్రు, ఛాతి ఫొటో తీసిండ్రు,
వేలిముద్రలు పదీ తీసుకున్నరు.
వెడల్పు అడిగింది ఆమె ఒక్కతే.

శుక్రవారం ఇస్త్రీ అంగీ ఏసుకొని కార్నిష్‌కు పోయిన.
కందూరా పెద్దమనిషొకాయన
పక్కకు తిరిగి, పొట్ట గుంజుకొని దాటిండు.
ఒక పోరి చేతులు రెండూ చాపి
రెండు గోడలను ఒక్కపారే ముట్టి, చుర్రుమంటే అరిసింది.
దాని అరుపు నీలంల నాలుగు సుట్లు తిరిగి బయటకు అచ్చింది.
ఫిలిప్పీన్ ఆడామె చెవి ఆనిచ్చి చానసేపు నిలబడ్డది.
సముద్రం గాలికి ఇనుము గుయ్యిమంటది,
స్టవ్ సన్నగ పెట్టినట్టు.
అందరూ బయటికి అచ్చి అరచేతులు వాసన చూసుకుంటున్నరు.
నవ్వచ్చింది.
ఆ వాసన నేను సబ్బులు అరగదీసి కడిగిన,
అన్నం ముద్దల సుత పోలే.

చూడు గని ముట్టకు, అన్నడు వాచ్‌మన్, నాతోని.
సరే అన్న.
చేతులు ఎనుకకు కట్టుకొని లోపలికి పోయిన.

భుజాలు గోడలకు తాకాలె.
తాకలే.
ఇటు రెండు వేళ్లు, అటు రెండు వేళ్లు సందు.
ఆమె కొలత తప్పిందా అని పైదాకా చూసిన.
వెల్డు సక్కగనే ఉన్నది, నేను పెట్టిందే.
నడుమల రెండు ఎండకాలాలు పోయినయి గదా.
కామెర్లు సుత అయినయి.

గాలి, ఆ రెండేళ్ల సందులకెల్లి
తొవ్వ చేసుకొని పోతున్నది,
సల్లగ.