మైనస్ ఏడు

టార్టూలో జనవరి.
కిటికీ అవతల ఏరు ఎప్పుడో గట్టిపడింది.
గాజు కుప్పెలో నీళ్ళు మాత్రం
మైనస్ ఏడు దగ్గర కూడా
మొండిగా, ఇంకా నీళ్ళే.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలీదు పాపం" అంది హెల్వె,
మీట నొక్కింది.

మాకేమీ వినపడలేదు.
బల్ల కింద, కాపలా ఆర్వో పెంచే కుక్క
చెవులు రిక్కించి లేచింది.

ఆవగింజలో పదోవంతు బుడగ
ఉబ్బి, ఉబ్బి,
తనలోకి తనే కూలింది.

కూలినచోట తెల్లటి ముల్లొకటి.
దాన్ని పట్టుకుని ఇంకోటి.
రెప్ప వేసి తీసేలోగా
కుప్పె నిండా ముళ్ళు.

థర్మామీటరు చూడు,
ఏడు మెట్లూ ఎక్కి సున్నా మీద కూచుంది.
గడ్డకట్టడంలో కూడా ఇంత వేడి!

హెల్వె తొడుగులు తీసేసి
రెండరచేతులూ కుప్పెకి ఆనించింది,
చలి కాచుకుంటున్నట్టు.

కుక్క మళ్ళీ పడుకుంది.