నూనె కాగితం

మలావీ సరస్సు మీద రాత్రంతా దీపాలు వెలిగించి
వేలెడంత వెండి చేప, ఉసిపా, పట్టి
వేళ్ళు కొంకర్లు పోయి ఒడ్డుకొస్తామా,
న్యాముంతాలి పొయ్యి అప్పటికే రాజుకుని ఉంటుంది.
మూకుడులో మందాసి ఉండలు
మునిగి, తేలి, ఒళ్ళు తిప్పుకుని ఎర్రబడుతుంటాయి.

పదకొండేళ్ళు ఆ పొయ్యి పక్కన ఒక పుస్తకం ఉండేది.
నీలం అట్ట. దారానికి వేలాడే పెన్సిలు.
పడవ ఇంజనుకి యోనా తీసుకున్నది,
కూతురి పురిటికి లెవిసన్ తీసుకున్నది,
రెండు వలలకీ ఒక దీపానికీ నేను తీసుకున్నది,
అన్నీ అందులోనే, వడ్డీలు పిల్లల్ని పెడుతూ.
దారిలో ఆమె ఎదురైతే
పడవ అడుగున ఏదో పగులు చూస్తున్నట్టు వంగేవాళ్ళం.
పాపం, మా ముఖాల కంటే
మా వీపులే బాగా తెలుసు ఆమెకి.

ఆదివారం తెల్ల జాకెట్టు, నల్ల స్కర్టు, తలకి గుడ్డ.
ప్రభువు నేర్పిన ప్రార్థన అందరితో పాటు మొదలుపెట్టేది.
రొట్టె దాకా గొంతు బాగానే పలికేది.
ఋణాల మాట దగ్గర మాత్రం
ముల్లు అడ్డం పడ్డట్టు దగ్గేది.
ప్రతి వారం. అక్కడే.
మా పిల్లలు ఆ దగ్గుని ఆటలో వాడుకునేవాళ్ళు.

ఏం జరిగిందో ఎవరికీ సరిగా తెలీదు.
కల అన్నారు. జ్వరం అన్నారు.
పాస్టరు తన ప్రసంగం వల్లే అనుకున్నాడు,
ఆ వారం ఆయన మాట్లాడింది పైకప్పు రేకుల చందా గురించి.
నాతో ఒకసారి ఆమే అంది, గరిటె ఆపకుండా:
"కాపలా కాసీ కాసీ విసిగిపోయాన్రా.
మీరంతా పుస్తకంలో ఉన్నారనుకున్నా,
తీరా చూస్తే లోపల పడుకుంటున్నది నేను.
నా బాకీ ఆయన ఎప్పుడో కొట్టేశాడు,
నేనే ఇంకా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నా."

ఆ సోమవారం
వేడి మందాసి కాగితంలో చుట్టి ఇచ్చింది.
నూనె పీల్చుకుని కాగితం అద్దమైంది.
సూర్యుడికేసి పట్టుకుంటే అవతల సరస్సు,
సరస్సు మీద నా పేరు, సగం,
రెండు వలలు, ఒక దీపం.
నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఎవరూ మాట్లాడలేదు కాసేపు.
అప్పుడు యోనా అరిచాడు,
"ఒరేయ్, నా ఇంజను ఎవడి చేతిలో ఉంది?"
అంతే! కాగితాలు చేతులు మారాయి,
లెవిసన్ మనవరాలి పుట్టుక కెజియా ముసలమ్మకి దొరికింది,
చదువు రాని ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని
రాజపత్రంలా గట్టిగా చదివేసింది.
న్యాముంతాలి నవ్వుతుంటే
మొదటిసారి చూశాం,
ఆమె ముందు పళ్ళ మధ్య సందుందని.

నా కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాను.
మరక పోలేదు, నాలుగు ఉతుకులకీ.
మా ఆవిడ తిడుతూనే ఉంది.

ఇప్పుడు ఋణాల మాట వస్తే
ఆమె మా అందరికంటే ఒక అడుగు ముందుంటుంది,
పాస్టరు కళ్ళు తెరిచి చూసేంత గట్టిగా.
తెల్లారి ఆమె గుమ్మంలో ఒక బుట్ట చేప ఉంటుంది.
ఎవరు పెట్టారో ఆమె రాసుకోదు.

నీలం అట్ట మాత్రం దాచుకుంది.
పొయ్యి విసురుకోవడానికి బాగుంటుందట.