మూడో మూల చుక్క

హెబ్బాళ ఫ్లైఓవర్ మీద బళ్లన్నీ ఆగిపోయిన వాన సాయంత్రం.
మా ల్యాబులో గాజుసామాను కడిగే పాపక్క
తడిసిన చెప్పులు గుమ్మంలో విడిచి
నా స్టూలు పక్కన నిలబడింది.
"ఈ కాగితంలో ఏముండాదో తెలుగులో చెప్పు.
డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పె. తలూపి వచ్చేసినా."

నేను పదేళ్లుగా చదువుతున్న జన్యువు పేరు
ఆమె రిపోర్టులో, మూడో వరుసలో.
వెయ్యిన్నలభైయేడో చోట
ఒక్క అక్షరం మారింది.

కణం గోడకి లోపలివైపు నూనె పొర, అక్కా.
ఆ నూనెకో తల, ఆరు మూలల ఉంగరం.
ఇన్సులిన్ వచ్చి తలుపు తడితే
లోపల ఒకడు పరుగున వచ్చి
మూడో మూల మీద ఫాస్ఫేటు చుక్క పెడతాడు.
అంతే వాడి ఉద్యోగం.
ఆ చుక్క చూసి మిగతావాళ్లు మూగుతారు:
తిను, పెరుగు, చావకు, రెండుగా చీలు.

"అంటే కండక్టరా?"
పద్నాలుగేళ్లుగా బాగేపల్లి బస్సులో నిలబడి వచ్చే మనిషి.
"రైట్ రైట్ అంటాడే, బండి కదుల్తాదే."

ఇన్ని సెమినార్లలో నాకు తట్టని మాట.

హోల్డాన్ అనేవాడూ ఉంటాడక్కా,
చుక్క తుడిచేవాడు.
తుడుస్తూనే ఉన్నాడు పాపం, చెయ్యి అందట్లేదు.
రైట్ అనేవాడు నోరు ముయ్యడం లేదు.
ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు,
నీ ఎడమ రొమ్ములో బండి పోతూనే ఉంది.

మాత్రలు మొదలయ్యాయి.
కండక్టరు నోట్లో గుడ్డ కుక్కే మాత్రలు.
నిమ్మకాయంత గడ్డ చింతగింజంత అయింది.
షుగరు మూడొందల పది అయింది.
కండలోకి, కొవ్వులోకి చక్కెరని పిలిచేదీ
ఆ గొంతే మరి.

"మైసూర్‌పాకు కూడా పాయె" అని నవ్వింది,
నవ్వి, సింకు వైపు చూసింది.
బ్లీచ్ వాసన. బోర్లించిన ఫ్లాస్కులు.
"నువ్వు పెంచేవి, నేను కడిగేవి,
అవీ ఈ అక్షరం తప్పినవేనా?"

అవును.

"దాంట్లోనుంచే అంటుకునిందా నాకు?"

లేదక్కా. అలా అంటుకోదు.
నిజమే చెప్పాను. గొంతు మాత్రం
అబద్ధం చెప్పినవాడిలా వచ్చింది.

ఆమె గ్లవ్స్ తొడుక్కుంది.
చీకటిగదిలో నా ఫిల్ము మీద
నల్లటి గీత మెల్లగా తేలింది,
పక్కగదిలో కుళాయి
ఇంకా పారుతూనే ఉంది.