మబ్బు పక్కన గొట్టం

బయట నలభై ఆరు. లోపల స్వెటర్లు అద్దెకిస్తున్నారు.
షార్జా నుంచి తెచ్చిన పులిహోర
అబుదాబి గేటు దగ్గరే ఆగిపోయింది;
నిలబడే తినేశాం, వేళ్లు పసుప్పచ్చగా.

మడమలెత్తినా చిన్నదానికి
రెండు వేళ్ల ఎత్తు తక్కువే.
కొలబద్ద పట్టుకున్న నేపాలీ కుర్రాడు
దానికన్నా ఎక్కువ నొచ్చుకున్నాడు.
పెద్దోడు ఒక్కడే ఎక్కి, అరిచి, దిగి,
"ఏం బాగోలేదు" అని చెల్లెలికి అబద్ధం చెప్పాడు.

ఈయన మాత్రం పొద్దున్నించీ పైకే చూపు.
నీలం రంగేసిన కప్పులో
ఎనిమిదేళ్ల కిందట తాను బిగించిన గొట్టం వెతుకుతూ.
"అదిగో" అన్నారు చివరికి, మబ్బు పక్కన.
నలుగురం దాని కిందకెళ్లి నిలబడ్డాం.
చల్లగా తగిలింది.

టికెట్ల లెక్క తిరుగు బస్సులో వేసుకున్నాం:
సగం నెల అద్దె.
చిన్నది నా ఒళ్లో నిద్రపోతూ
కాళ్లు వీలైనంత పొడుగ్గా చాపింది.