రొద

పాత సెట్లు అటకెక్కి ఇవాళ్టికి పదకొండు రోజులు.
కొత్తవి బాగానే ఉన్నాయి.
గుప్పిట్లో ఇమిడేంత, తెరమీద పచ్చని అంకెలు,
మాట నున్నగా వస్తుంది
అద్దంమీద నూనెచుక్క జారినట్టు.

కంట్రోల్ రూములో నాది మూడో కుర్చీ, కిటికీ పక్కది.
పంతొమ్మిదేళ్లు ఈ ఊరిని రాత్రిపూట చెవితో చూశాను.
ఎక్కడున్నావని ఎవర్నీ అడిగే పని లేదు,
మాట వెనకాల రొదే చెప్పేసేది.
గూడ్సు చక్రాలైతే జ్ఞానాపురం వంతెన.
ఐసు దంచుతుంటే ఫిషింగ్ హార్బరు, తెల్లారగట్ట నాలుగు.
ఉత్తి గాలైతే కైలాసగిరి.
తాలాడ అప్పలనర్సయ్య గారు మాటకి ముందు దగ్గేవారు,
ఆ దగ్గుకే లాగ్‌బుక్కులో పేరెక్కించేదాన్ని.

కొత్త సెట్టు దగ్గుని పంపదు.
"మాట తప్ప మిగతాదంతా చెత్తే కదా మేడమ్,
అదే ఊడ్చేస్తుంది" అన్నాడు కంపెనీ కుర్రాడు,
మెడలో తాడు, తాడుకి వాడి నవ్వుమొహం ఫొటో.
సరేనన్నాను.
మా అమ్మ బియ్యం చెరిగాక
చెత్తలో పడ్డ నూకల్ని మళ్లీ ఏరుకునేది.
అది వాడితో చెప్పలేదు.

పాతదానికి ఓపిక తగ్గేకొద్దీ గరగరలాడేది.
గొంతు మునుగుతూ తేలుతూ చెయ్యి ఊపేది,
సగం మాట అందితే
తక్కిన సగాన్ని జుట్టుపట్టి నేనే లాగేదాన్ని.
కొత్తదానికి మునగడం రాదు.
ఉంటే నిండుగా ఉంటుంది, లేకపోతే లేనేలేదు.
మీట నొక్కినవాడికి మూడు పొట్టి కూతలు.
ఇప్పుడు కాదు, అని.

సింధియా దాటి ఘాటెక్కి అవతలికి దిగితే
యారాడ కొండ ఊరినంతా వీపు వెనక్కి నెట్టేస్తుంది.
మ్యాపులో మాత్రం అక్కడా నీలమే పూశారు.

మొన్న రాత్రి
బోనెల గోవింద్, ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు,
కెరటం లాక్కున్న ఇద్దరు కాలేజీ పిల్లల కోసం
టార్చి పట్టుకుని నీళ్లలోకి దిగాడు.
ఒకడు దొరికాడు. ఊపిరుంది.
మీట నొక్కాడు. మూడు కూతలు.
ఇసకలో పరిగెత్తి మిట్టెక్కి నొక్కాడు. మూడు కూతలు.
ఎవరో కొబ్బరిచెట్టు ఎక్కి చూడమన్నారు.
బూట్లు విప్పి ఎక్కాడు.
మూడు కూతలు.

నా బోర్డుమీద అతని నంబరు పచ్చగానే వెలుగుతోంది.
ఆ నిమిషాల్లో నేను టీ తాగుతున్నాను.
ఇదీ రాసుకోవాలి.

చోడిపల్లి దానయ్య బోటు ఆ దగ్గర్లో ఉండబట్టి సరిపోయింది.
అందులో ఓ ముసలి సెట్టు, నడుముకి టేపు చుట్టుకుని.
ఇసకమీంచి వేసిన కేక దానయ్యకి,
దానయ్య నుంచి హార్బరులో వాళ్ల బావ బోటుకి,
బావ నుంచి జెట్టీమీద ఐసు లారీవాడికి,
వాడి సెల్లు నుంచి నా చెవికి:
"యారాడమ్మా. ఒక గుంటడున్నాడు. ఒకడు లేడు. బండంపండి."
ఆ మాట వెనకాల ఐసు దంచుతున్నారు.
ఎక్కణ్ణుంచని నేను అడగలేదు.

బండి వెళ్లింది. అప్పటికి నలభై నిమిషాలు.
ఉన్నవాడు కేజీహెచ్‌లో కళ్లు తెరిచాడు.
లేనివాడు నిన్న సాయంత్రం అప్పికొండ వైపు తేలాడు.

రిపోర్టులో ఒక గడి, అంతరాయానికి కారణం.
కొండ, అని రాశాను.
పైవారు దాన్ని కొట్టేసి
వినియోగదారు లోపం, అని దిద్దారు.
గుండ్రటి అందమైన దస్తూరీ.

గోవింద్ సెట్టు అప్పజెప్పడానికి వచ్చాడు.
ముంజేతులనిండా చెట్టు గీరిన గీతలు.
"చాలా అరిచాను మేడమ్,
మీకసలు ఏమీ రాలేదా, కొంచెం కూడా?"
రాలేదన్నాను.
కొంచెం, అనేదే దీంట్లో లేదని చెప్పలేకపోయాను.

అటక తాళం నా దగ్గరే ఉంది.
డ్యూటీ మారే వేళ ఒక పాతదాన్ని దించి మీట తిప్పాను.
అవతల ఎవరూ లేరు, తెలుసు.
అయినా గరగర.
బ్యాటరీ చచ్చేదాకా చెవి దగ్గర పెట్టుకునే కూర్చున్నాను.