క్రాక్ అంటే ఏటి?

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా
రెండంతస్తుల ఎత్తున కొత్త ఫ్లెక్సీ:
టై కట్టిన కుర్రాడు, బిగించిన పిడికిలి,
కింద తెలుగు అక్షరాల్లో
మొదటి ప్రయత్నంలోనే గ్రూప్స్ క్రాక్ చేయండి.

దాలమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.
రాత్రిబడిలో నేర్చిన చదువు,
వత్తుల దగ్గర తడబడుతుంది గానీ ఆగదు.
"క్రాక్ అంటే ఏటి బాబూ?"

నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి.
జీడి ఫ్యాక్టరీ మేడమీద అద్దెగది,
పదకొండు కుర్చీలు, ఒక బోర్డు.
నాలుగుసార్లు ఆ పరీక్షే రాసి
నాలుగుసార్లూ నేనే పగిలినవాణ్ణి.

పగలడం, అన్నాను.
"ఏది పగలడం?" అంది.
న్యాయమైన ప్రశ్న.
మన దగ్గర ఏదీ ఊరికే పగలదు.
నేలైతే నెర్రెలిస్తుంది, గోడైతే బీటవారుతుంది,
అద్దం చిట్లుతుంది, కుండ బద్దలవుతుంది,
పత్తికాయ పగిలితే పగిలిందనం,
విచ్చిందంటాం.
వాళ్ళకి చాలావాటికి ఈ ఒక్క మాటే.
గుడ్డు క్రాక్, గోడ క్రాక్, ఏడుపు ఆపుకునే గొంతు క్రాక్,
ఇనప్పెట్టె తాళం క్రాక్, నవ్విస్తే జోకు క్రాక్,
ఆఖరికి తెల్లారినా
చీకటికి బీటపడ్డట్టు, అదీ క్రాకే.

"మరి మా మరిది సన్నాసిని
ఊరంతా క్రాకు అంటారు కదేటి?"
అదీ ఇదే. బుర్రలో బీట.
"ఓలమ్మ! ఆడి బుర్రలో
ఇన్నాల్లూ ఇంగిలీసున్నాదన్నమాట."

డిక్షనరీ తెచ్చి మెట్లమీదే కూర్చున్నాను.
మొదట్లో ఈ మాటకి
విరగడమనే అర్థమే లేదట.
చప్పుడు. అంతే.
వెయ్యేళ్ళ కిందట ఏ చలిదేశంలోనో
ఎండుకొమ్మో, గడ్డకట్టిన చెరువో ఫట్‌మంటే
ఎవరి నోరో ఆ చప్పుణ్ణి
ఉన్నదున్నట్టు తిరిగి అంది.
విరగడం తర్వాతెప్పుడో వచ్చి చేరింది.

దాలమ్మ కాసేపు మాట్లాడలేదు.
గూడ్సుబండి ఒకటి పలాస స్టేషను దాటేదాకా
ఇద్దరం దాన్నే విన్నాం.

"తిత్లీ తుపాను రేత్రి" అంది,
"మంచం కింద కూకున్నాం అందరం.
గాలి హోరుకి ఏటీ ఇనబడనేదు గానీ
మద్దిమద్దిన తోటకాడనుంచి
ఇదే మాట. క్రాక్. మల్లీ క్రాక్.
నలబై జీడిసెట్లు.
ముందు సప్పుడే వొచ్చినాది బాబూ.
ఇరిగిపోనాయని తెల్లారితే గానీ తెలీనేదు.
ఆ రేత్రి మా తోట
ఇంగిలీసు మాటాడినాది."

ఆ తర్వాతే ఆమె ఇక్కడికొచ్చింది,
ఎవరి తోటవో పిక్కలు
ఇంకెవరి షెడ్డులోనో కొట్టడానికి.
అరచేతులు చూపించింది.
జీడిసొన తిన్న నలుపు, బూడిద రాసినా పోనిది.
రేషన్ డిపోలో వేలిముద్ర మిషను
మూడోసారికి గానీ ఆమెని ఆమె అని ఒప్పుకోదు.

"మరి మేం సేసేది కూడా క్రాకేనేటి?"
అవునన్నాను. ఫ్యాక్టరీ కాగితాల్లో
ఆ పని పేరు అదే.
ఒప్పుకోనట్టు తల ఊపింది.

మర్నాడు కిందికి దిగి చూశాను.
ఎడమచేత్తో పిక్కని నిలబెట్టి
చెక్కసుత్తితో ఒక్క దెబ్బ.
గట్టిది కాదు, మెత్తనిదీ కాదు.
పప్పు గుండు గుండుగా బయటికొచ్చింది.
"బద్దకి ఒక రేటు, గుండుకి ఒక రేటు" అంది
తల ఎత్తకుండానే.
"పిక్క పగలాల. పప్పుకి తెలీకూడదు."

నా డిక్షనరీలో పద్దెనిమిది అర్థాలున్నాయి.
రెండుసార్లు వెతికాను, ఇది లేదు.

సాయంత్రం బోర్డుమీద ఆ మాట రాసి
కింద అర్థం రాయబోతుంటే
చాక్‌పీసు విరిగింది.
చివరి కుర్చీలోంచి ఊర్మిళ నవ్వింది:
"సార్, మొదటి అర్థం వచ్చీసింది."
కింద షెడ్డులో
ఇంకా సుత్తులు ఆగలేదు.