సున్నా గంటలు

సిరొంచ ఘాట్ కాడ, ప్రాణహిత ఒడ్డున
ఇనుప స్తంభానికి బిగించిన పెట్టె
గంటకోసారి నీళ్ళ ఎత్తు రాసుకుంటది.
రాతకు పదహారు బైట్లు.
చినుకు లేకున్నా అంతే, వరదొచ్చినా అంతే.

జూలై పద్నాలుగు రాత్రి కావాలంటే
జూన్ ఒకటి నుంచి చదువుకుంట రానక్కర్లే.
గంటలు లెక్కపెట్టి పదహారుతో గుణిస్తే
ముల్లు ఒక్క అంగల అక్కడ దిగుతది,
నడుమ ఏ నీటినీ తాకకుండ.
పదహారు వేల ఎనిమిది వందల అరవై నాలుగు.

దిగి చూస్తే సున్నా.
పక్కన సున్నా. దాని పక్కన సున్నా.
పదకొండు గంటలు.
నది అన్నిటికన్నా ఎత్తుగా నిలబడ్డ రాత్రి
ఫైల్ల నది లేదు.

పెట్టె మునిగింది, లోపలి గడియారం నడిచింది.
తెల్లారి తొమ్మిదింటికి పానం రాంగనే
టైము చూసుకొని, తన గడి యాడనో లెక్కేసుకొని
ఫైలు కొస దాటి దుంకి రాసింది.
దుంకినంత మేర బొంద.

"రికామ్యా జాగా భరా" అన్నడు ఫోన్ల సాహెబు.
చిన్నప్పుడు మరాఠీ బడి పరీక్ష కాగితం మీద
ఉండేది ఆ మాట.
దేంతోని నింపాలె?

సారక్క చాయ్ కొట్టు టేకు గుంజకు
కొడవలి గాట్లున్నయి.
ఆ రాత్రి నాటుపడవ దానికే కట్టేసి
అండ్లనే కూసొని, గంటకో గాటు పెట్టింది.
ఎక్కేటప్పటివి ఈ పక్క, దిగేటప్పటివి ఆ పక్క.
"గిది బర్రె తాడు కోసినప్పుడు.
గీన్నుంచి రెండు గాట్లు మీదికి, బల్ల తేలినప్పుడు."
ఆమె మొదటి నుంచి లెక్కపెట్టదు,
నిలబడ్డ కాన్నుంచి పెడతది.
టేపుతోని కొలిచిన. గడప ఎత్తు కలిపిన.

అర్ధరాత్రి గడి అవునో కాదో అని
రాసే ముందు ఒకసారి చదివిన.
చదివే ముల్లు, రాసే ముల్లు ఒకటే.
చదివినంతల అది గడి ముందుకు జరిగింది.
ఎనక్కి తేవుడు మరిచి రాసిన.
పన్నెండు గంటల నీళ్ళు
పోయి ఒంటిగంటల పడ్డయి.

సారక్కకు తెర మీది అంకెలు రావు.
నేను పైకి చదివితే ఇన్నది.
"ఒంటిగంటకు గంతేనా? కాదు బిడ్డా.
అప్పటికే కిటికీ మునిగింది.
బర్రె అరుసుడు బందైంది గప్పుడే."

ముప్పై రెండు బైట్లు ఎనక్కి.
అర్ధరాత్రిని అర్ధరాత్రిల పెట్టిన.
ఒంటిగంట మీద ఒంటిగంట రాసిన.
ఇక్కడ రాస్తే పాతది పక్కకు జరగదు,
కిందనే చెరిగిపోతది.

నాలుగు, ఐదు, ఆరు. గాట్లు లేవు.
"గుంజే మునిగినంక
యాడ పెట్టాలె?" అన్నది,
గిన్నె కడుక్కుంట.
ఆ మూడు సున్నాలు అట్లనే ఉంచిన.
సాహెబుకు ఏం చెప్పాల్నో
ఇంకా అనుకోలే.

ముల్లును కొసకు పంపి ఫైలు మూసిన.
నాలుగు చాయ్‌ల పైసలు అడిగింది.
మూడే తాగిన అన్న.
పొద్దుగాలది మరిచినవ్ అన్నది.
నిజమే, మరిచిన.